మాలకొండయ్య మెల్లనడక

జ్వరం తగ్గి నలభై రోజులైనా మాలకొండయ్య ఇంకా మంచానికీ అరుగుకూ మధ్యే తిరుగుతున్నాడు.

కార్తీకం వానల్లో పట్టింది ఆ జ్వరం. ముక్కు కారడంతో మొదలై, ఒళ్లునొప్పులు, దగ్గు, మూడు రోజులు కన్ను తెరవనివ్వని వేడి. ఊళ్లో సగం మందికి వచ్చింది. వచ్చినవాళ్లంతా వారం తిరిగేసరికి లేచి పనుల్లో పడ్డారు. ఉదయగిరిలో చూపించుకుంటే వైరస్ జ్వరమే, దానంతటదే పోతుందన్నారు. అన్నట్టే పోయింది. పోయిన రోజు మాలకొండయ్య తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కర్ర అందుకుని గొర్రెల దొడ్డి వైపు నడిచాడు. దొడ్డి గుంజ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఇంటికీ దొడ్డికీ మధ్య ముప్పై అడుగులుంటాయేమో. కొండెక్కి దిగినట్టు రొప్పు వచ్చింది.

అంతకుముందు అతనెలాంటి మనిషంటే, యాభై రెండేళ్ల వయసులోనూ ఊళ్లో కుర్రవాళ్లు అతనితో సమంగా నడవలేకపోయేవాళ్లు. ఉదయగిరి కొండకు తూర్పున, వాలు మొదలయ్యేచోట ఉంది వాళ్ల పల్లె. తాతల నాటినుంచీ జీవాలే బతుకు. ఎనభై ఏడు గొర్రెలు అతనివి. పొద్దున తోలుకుపోతే దీపాలవేళకు తిరిగొచ్చేవాడు. అతను కేకేస్తే ఎదురు వాలు మీద మేస్తున్న మంద తలెత్తేది. అది తన మంద కాకపోయినా సరే. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు లెక్కపెట్టేవాడు కాదు. గుంజ పక్కన నిలబడి ఒక్కసారి చూసి, ఏది వెనకబడిందో, ఏది కుంటుతోందో చెప్పేవాడు.

ఇప్పుడు రెండు బిందెల నీళ్లు మోస్తే మధ్యాహ్నం దాకా పడుకోవలసి వస్తోంది. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే దగ్గు తెర కమ్ముకొస్తోంది. రాత్రంతా నిద్రపోయి లేచినా, రాత్రంతా మేలుకున్నట్టే ఉంటోంది. అవన్నీ ఒక ఎత్తు. దొడ్డి దగ్గర నిలబడితే గొర్రెల ముఖాలన్నీ ఒక్కటిగా కలిసిపోవడం ఇంకో ఎత్తు. అదే అతన్ని లోపల్లోపల భయపెట్టింది. సరే, లెక్కే పెడదామని చూస్తే నలభై దగ్గర తప్పిపోయేవాడు. ఒకరోజు మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలొచ్చాయి.

"పోన్లేవయ్యా," అంది అతని భార్య శీనమ్మ. "అన్నింట్లోకీ పెద్ద లెక్కనే ఖాయం చేసుకుందాం. కూర్చున్నచోట మూడు జీవాలు కలిసొచ్చినాయి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు వెనకే దగ్గు వచ్చింది.

మందను కొండకు తోలే పని శీనమ్మ మీద పడింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె ఎప్పుడూ మంద వెనక వాలు మీదికి పోలేదు. గొర్రెపిల్లలకు పాలు పట్టించడం, దొడ్డి ఊడ్చడం, ఎకరన్నర చేను, ఇల్లు, ఇవి ఆమెవి. కొండ అతనిది. అలాంటిది అతని కర్ర, అతని గొడుగు, అతని రబ్బరు చెప్పులు వేసుకుని ఒక పొద్దున్నే బయల్దేరింది. మొదటి రోజు సాయంత్రం కాళ్లు పట్టుకుని కూర్చుంది. నాలుగో రోజుకు అలవాటు పడింది. పదో రోజుకు, కొండ మీది గాలికి తలనొప్పి పోయిందని చెప్పింది.

ఊరికి మాత్రం ఇదంతా వింతగా ఉంది. మాలకొండయ్య చూడ్డానికి దిట్టంగానే ఉన్నాడు. ఒంటి మీద జ్వరం లేదు. కట్టు లేదు, కుంటు లేదు. అరుగు మీద కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పైకి అనడానికి మొహమాటపడని మనిషి నారాయణయ్య ఒక్కడే. శీనమ్మకు అన్న, మాలకొండయ్యకు బావ. అతనికీ ఒక మంద ఉంది.

"బావా, గుండ్రాయి మాదిరి ఉండావు," అన్నాడు ఒకరోజు తన మోటారుబండి ఆపి. "నువ్వు అరుగు మీద కూర్చోని, మా చెల్లెల్ని కొండకు తోలతా ఉండావే. ఏంది కత?"

"ఒళ్లు పట్టు చాలడంలా బావా."

"నాకూ వచ్చె గదా జ్వరం. నాలుగో నాడు లేచినాను. లేవాలంతే. కూర్చుంటే కూర్చోబెడతాది ఒళ్లు."

ఆ మాట మాలకొండయ్యను ఆ రాత్రి సరిగ్గా తిననివ్వలేదు. నిజమేనేమో అనిపించింది. బద్ధకమే జబ్బు వేషం వేసుకుని కూర్చుందేమో. ఉదయగిరిలో మళ్లీ చూపించుకుంటే ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. కళ్లె పరీక్ష చేశారు, క్షయ కాదన్నారు. ఏమీ లేని మనిషి ఎందుకు లేవలేకపోతున్నట్టు?

మూడు రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది. తల మీది బరువు ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది. శీనమ్మ లేవకముందే దొడ్డి తలుపు తీశాడు. మంద వెంట వాలెక్కాడు. చలిగాలి, తడి బోదగడ్డి, పైన కొండ మీద పాత కోట గోడకు తగిలిన తొలి ఎండ. ఆనందం పట్టలేక ఒక్క కేక వేశాడు. కేక సగంలో చీలిపోయి కీచుమంది. ముందు నడుస్తున్న పెద్ద పొట్టేలు వెనక్కి తిరిగి చూసి, ఇదెవరో మనవాడు కాదన్నట్టు మళ్లీ మేతలో పడింది.

పది గంటలయ్యేసరికి కాళ్లలోంచి సత్తువ దిగిపోయింది. కూర్చున్నాడు. లేవబోతే కళ్లు తిరిగాయి. మళ్లీ కూర్చున్నాడు. వెతుక్కుంటూ వచ్చిన శీనమ్మ, ఆమె వెనకే వచ్చిన నారాయణయ్య అతన్ని చూసేసరికి ఒక బండకు ఆనుకుని తెల్లగా పాలిపోయి ఉన్నాడు. నారాయణయ్య భుజం పట్టి దించి, బండి మీద ఇంటికి చేర్చాడు. ఆ తర్వాత మూడు రోజులు మాలకొండయ్య మంచం దిగలేదు. అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేపడం కూడా పనైంది.

శీనమ్మ తిట్టలేదు. మూడో రోజు సాయంత్రం మంచం పక్కన కూర్చుని, ఆత్మకూరులో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"సుకన్యా, మీ నాయనకు ఏమో ఉండాదిమే. లేదన్నోళ్లకు తెలీదు. ఎవురన్నా మంచి డాక్టరుంటే చూడు."

సుకన్య ఆత్మకూరులో ఒక బడిలో టీచరు. ఆమె ఇంటికి రెండు వీధుల అవతల డాక్టర్ సుజన ఆస్పత్రి ఉంది. ఆ మరుసటి సోమవారం ఉదయగిరి బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని, మధ్యమధ్యలో కునుకు తీస్తూ, మాలకొండయ్య శీనమ్మతో కలిసి ఆత్మకూరు చేరాడు.

డాక్టర్ సుజన నలభై ఏళ్ల మనిషి. తొందరపడలేదు. పాత ఎక్స్‌రే చూసింది, పాత పరీక్షల కాగితాలన్నీ చదివింది. రక్తం తీయించింది. వేలికి చిన్న క్లిప్పు తగిలించి, వరండాలో ఈ చివరనుంచి ఆ చివరకు ఆరు నిమిషాలు నడవమంది. నాలుగో నిమిషంలో అతను గోడ పట్టుకున్నాడు. ఆమె ఏదో రాసుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని ప్రశ్నలు వేసింది. నిద్ర లేచాక ఎలా ఉంటుంది? పని చేసిన రోజు కష్టమా, మర్నాడు కష్టమా? పేర్లు మర్చిపోతున్నారా?

ఈ ప్రశ్నలు ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అతను తెల్లవారకముందే కొండెక్కి కూలబడ్డ సంగతి, గొర్రెల ముఖాల సంగతి చెప్పాడు. పక్కన శీనమ్మ మోచేతి దగ్గర పట్టుకుంది.

"రక్తం రిపోర్టు కూడా వచ్చింది. థైరాయిడ్, షుగరు బాగానే ఉన్నాయి. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి," అంది డాక్టరు. "అయినా మీకు బాగాలేదు. రెండూ నిజమే. వైరస్ జ్వరాలు కొందరు పెద్దవాళ్లను ఇలా పట్టుకుంటాయి. జ్వరం పోతుంది, దాని అలసట ఉండిపోతుంది. ఆయాసం, దగ్గు, మతిమరుపు, ఇవన్నీ దాని వెనక వచ్చేవే. కొందరికి వారాలు, కొందరికి నెలలు. ఎక్కువమందికి మెల్లమెల్లగా తగ్గుతుంది."

మాలకొండయ్య కుర్చీ అంచుకు జరిగాడు.

"అయితే నాది సోమరితనం కాదా అమ్మా?"

"సోమరితనం ఉన్నవాళ్లు తెల్లవారకముందే లేచి కొండెక్కరు."

అతను నవ్వాడు. జబ్బుందని డాక్టరు చెబితే నవ్విన రోగిని ఆమె చూసి ఉండదు. దగ్గు అడ్డొచ్చినా ఆపలేదు. శీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుకన్య, ఏమైంది వీళ్లకు అన్నట్టు ఇద్దరివైపూ చూసింది.

"మందేంది మరి?" అడిగింది శీనమ్మ.

డాక్టరు సుజనది అనంతసాగరం దగ్గర ఒక పల్లె. పొలాలు, పశువులు తెలియనివి కావు. ఆమె పెన్ను పక్కన పెట్టి అడిగింది. "ఈనిన గొర్రెను మర్నాడు ఎలా నడిపిస్తారు?"

"మెల్లగా," అన్నాడు మాలకొండయ్య. "మందతో పాటు తోలం. దూరం తీసకపోం. అది అలిసిపోకముందే ఆపుతాం."

"అలిసిపోయాక కాదు?"

"అలిసిపోయినాక ఆపితే ఏం లాభం? రెండు దినాలు పాలు చేపదు."

"మీకు రాసే మందు అదే. ఒళ్లు బాగున్న రోజు బాగుందని అంతా వాడేసుకోకండి. అలిసిపోకముందే ఆగండి. మర్నాడు ఒంట్లో తేడా లేకపోతే ఇంకొంచెం దూరం. తేడా వస్తే వెనక్కి. ఆయాసం వచ్చినప్పుడు పెదాలు సున్నాలా పెట్టి, వేడి టీని ఊదినట్టు మెల్లగా గాలి వదలండి." ఆమె స్వయంగా చేసి చూపించింది. "ఛాతీలో నొప్పి వచ్చినా, కూర్చున్నప్పుడే ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం కనిపించినా ఆగకుండా రండి. లేదంటే రెండు నెలల తర్వాత రండి."

బస్టాండుకు నడుస్తూ దారిలో రెండు చోట్ల ఆగి కూర్చున్నాడు. ఈసారి సిగ్గుపడలేదు. ఒక బట్టల షాపు మెట్ల మీద కూర్చుంటే షాపువాడు ఏం కావాలన్నాడు. "ఏం వద్దయ్యా, నాకు జబ్బుండాది, కూర్చోమన్నారు," అని సంతోషంగా చెప్పాడు మాలకొండయ్య.

ఊళ్లో దిగగానే మొదట ఎదురైనవాడు నారాయణయ్యే.

"ఏమన్నారు బావా?"

"మెల్లగా నడవమన్నారు."

"దానికి ఆత్మకూరు దాకా పోవాల్నా? నేనిక్కడే చెప్పేవోణ్ణి గదా."

"నువ్వు గెట్టిగా నడవమని గదా అన్నా చెప్పినావు," అంది శీనమ్మ, అన్నవైపు చూడకుండా సంచీ దించుకుంటూ. నారాయణయ్య తల గోక్కుని బండి స్టార్ట్ చేసుకున్నాడు.

ఆ మర్నాటినుంచి మాలకొండయ్య వంట మొదలుపెట్టాడు. కూర్చుని చేసే పని కదా అని. శీనమ్మ తెల్లారి మందను తోలుకుపోయేది. అతను ఎత్తుపీట మీద కూర్చుని పొయ్యి ముందు సంగటి కెలికేవాడు. మొదటివారం సంగటి గడ్డలు కట్టింది. చెనిక్కాయల పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేశాడు, ఒకసారి వేసింది మర్చిపోయి. శీనమ్మ సాయంత్రం వచ్చి తిని, ఇంకో చెంబు నీళ్లు తాగి, బాగుందనే చెప్పింది. రెండోవారానికి నిజంగానే బాగుంది.

మూడోవారంలో అతనికొక ఆలోచన వచ్చింది. పల్లె చివర కానుగ చెట్టు దాకా నడిచి కూర్చుని తిరిగి రావడం అప్పటికి అతని హద్దు. మధ్యాహ్నపు అన్నం క్యారియర్లో పెట్టుకుని ఆ చెట్టు దాకా పోతే? శీనమ్మ మందను అటువైపు తిప్పితే ఇద్దరూ అక్కడే తినవచ్చు. చెప్పాడు. ఆమె మర్నాడు పన్నెండింటికల్లా మందను కానుగ చెట్టు కిందికి దించింది.

ఆ రోజు తింటూ తింటూ లెక్కేసుకుంటే, పండగలు, పెళ్లిళ్లు వదిలేస్తే, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం అన్నం తినడం ఇరవై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

"నువ్వు తినేటప్పుడు చప్పుడు చేస్తావని నాకు తెలీదే," అన్నాడు.

"నువ్వు మిరపకాయ పక్కన పెడతావని నాకూ తెలీదు. ఇన్నాళ్లూ ఆ మిరపకాయలు ఎవురికి పెడతా ఉండావు?"

"పొట్టేలుకు."

"అందుకే అది నీ మాట ఇనడంలా."

పొట్టేలు నిజంగానే అతని మాట వినడంలేదు. అదొక్కటే కాదు, మంద మొత్తం శీనమ్మది అయిపోయింది. ఆమె ఈల వేయదు, పెద్ద కేకా వేయదు. ముక్కులోంచి వచ్చే ఒక సాగదీసిన పిలుపు ఉంది ఆమెకు, చిన్నపిల్లను అన్నానికి పిలిచినట్టు. దానికి ఎనభై ఏడూ తల తిప్పుతాయి. పైగా ఒక్కో గొర్రెకు ఒక్కో పేరు పెట్టింది. ఎప్పుడూ ఎవరినో ఒకరిని కుమ్మే నల్లమచ్చల గొర్రె పేరు ఏమిటని అడిగితే మొదట చెప్పలేదు. రెండు రోజులు వెంటపడితే చెప్పింది. "మీ అక్క."

మాలకొండయ్య పడీపడీ నవ్వాడు. దగ్గు వచ్చి, కళ్లవెంట నీళ్లు కారి, వేడి టీ ఊదినట్టు గాలి ఊది ఊది తేరుకుని, మళ్లీ ఆ గొర్రె వైపు చూసి మళ్లీ నవ్వాడు. పోలిక ఉంది మరి.

హద్దు మెల్లగా జరిగింది. కానుగ చెట్టునుంచి తుమ్మల మలుపు దాకా పదిరోజులు. అక్కణ్నుంచి వాలు మొదట్లో ఉన్న చదును బండ దాకా ఇంకో మూడు వారాలు. మధ్యలో ఒకసారి ఊళ్లో పెళ్లిలో ఎక్కువసేపు నిలబడి, నాలుగు రోజులు మళ్లీ మంచమెక్కాడు. ఆ నాలుగు రోజులూ శీనమ్మ సాయంత్రాలు అతని కాళ్ల దగ్గర కూర్చుని ఆ రోజు కొండ మీద ఏమేం జరిగిందో చెప్పేది. మంచంలో ఉన్నా మంద వెంట ఉన్నట్టే ఉండేది అతనికి. ఐదో రోజు తేరుకుని, చెట్టు దగ్గరనుంచే మళ్లీ మొదలుపెట్టాడు. మొండికేయలేదు. ఊళ్లో కొందరు క్యారియరు పట్టుకుని పోయే మగవాణ్ణి చూసి నవ్వేవాళ్లు. అతనూ వాళ్లతో కలిసి నవ్వి, ఆ పూట కూరేమిటో చెప్పి ముందుకు సాగేవాడు.

మాఘం చివర్లో ఒక మధ్యాహ్నం జరిగింది అది. చదును బండ మీద ఇద్దరూ తిని, శీనమ్మ గిన్నెలు కడుగుతోంది. రోడ్డువైపునుంచి నాలుగు ఊరకుక్కలు ఎప్పుడు పైకొచ్చాయో తెలియదు. ఒక్కసారిగా మంద మీద పడ్డాయి. శీనమ్మ కర్ర తీసుకుని పరిగెత్తి, రాళ్లు విసిరి, కుక్కల్ని తరిమింది. అప్పటికే మంద రెండుగా చీలిపోయింది. సగం కింద చేల గట్టు మీద వణుకుతూ ముద్దగా నిలబడింది. పొట్టేలుతో పాటు మిగతా సగం కనిపించడంలేదు.

మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. కాళ్లు పరిగెత్తమన్నాయి. మునుపటిలా అయితే ఈపాటికి సగం వాలు ఎక్కేసి ఉండేవాడు. కర్ర పట్టుకుని రెండడుగులు వేశాడు. గుండె దడదడలాడింది. ఆగాడు. పెదాలు సున్నాలా పెట్టి గాలి వదిలాడు. ఒకసారి, రెండుసార్లు. మళ్లీ బండ మీద కూర్చున్నాడు.

శీనమ్మ కింద వంక వెంబడి వెతుకుతోంది. అక్కడ ఉండవు. బెదిరిన జీవం పైకే ఎక్కుతుంది, అందులోనూ ఆ పొట్టేలు. పైన రెండు పెద్ద గుండ్ల మధ్య ఇరుకు సందు ఉంది. ఎనిమిదేళ్ల కిందట ఒకసారి పిడుగు పడ్డప్పుడు దాని తల్లి మందతో సహా అక్కడే దాక్కుంది. ఆ సంగతి చెప్పాలంటే కేక చాలదు. మెడలోని ఎర్ర తువ్వాలు తీసి తల మీద గిరగిరా తిప్పాడు. శీనమ్మ తిరిగి చూసింది. తువ్వాలు చాచి పైకి చూపించాడు. ఆమె ఎక్కింది. ఎడమకు చూపించాడు. ఆమె ఎడమకు తిరిగింది. గుండ్ల దగ్గర తువ్వాలు దించేశాడు. ఆమె అక్కడ ఆగి పిలిచింది.

ఆ సాగదీసిన పిలుపు బండ దాకా వినిపించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత గుండ్ల మధ్యనుంచి పొట్టేలు కొమ్ములు బయటికొచ్చాయి. దాని వెనక ఒకటొకటిగా మిగతావి.

సాయంత్రం దొడ్డి దగ్గర శీనమ్మ వేలు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మాలకొండయ్య గుంజకు ఆనుకుని చూస్తున్నాడు. 'మీ అక్క' వచ్చింది. దాని పిల్ల వచ్చింది. తెల్లమూతిది వచ్చింది, చెవి చీలింది వచ్చింది.

"చూలు డోర రాలేదుమే," అన్నాడు.

శీనమ్మ వేళ్లు అలాగే ఉండిపోయాయి. డోర అంటే ఇటుకరంగు గొర్రె. కడుపుతో ఉంది. "నేనింకా సగం కూడా లెక్కపెట్టలేదు."

"లెక్కెందుకు? మొహం కనపడలేదు."

తను ఏమన్నాడో ఆ తర్వాతే అతనికి తట్టింది. మూడు నెలలుగా ఒకటే ముద్దగా కనిపించిన మంద ఇప్పుడు ముఖం ముఖంగా ఎదురుగా ఉంది. గుంజ మీద చెయ్యి బిగించి, ఇంకోసారి మొదటినుంచి చివరిదాకా చూశాడు. కావాలని, మెల్లగా, ఒక్కొక్కదాన్నీ పలకరిస్తున్నట్టు. శీనమ్మ అతని ముఖంలోకి చూసింది. కళ్లు తుడుచుకుని, ఏడ యెతకాల్నో చెప్పమంది.

"మధ్యాహ్నం నుంచే వెనకబడతా ఉండాది. కడుపు జారింది. గట్టు దాటినాక నేరేడు చెట్లుండాయే, అక్కడ చూడు. నీడ, మెత్తని నేల. నేనైనా అక్కడే ఈనతాను."

పోవాలని అతనికీ ఉంది. కానీ ఆ రోజు నడక అయిపోయింది. దొడ్డి గుమ్మం పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. అది మాత్రం కొండెక్కడం కంటే కష్టమైంది. శీనమ్మ అన్నను పిలిచి అతని బండి మీద పోయింది. పొద్దు గూకి, ఇళ్లల్లో దీపాలు వెలిగేవేళకు బండి చప్పుడు వినిపించింది. నారాయణయ్య నడుపుతున్నాడు. వెనక శీనమ్మ ఒళ్లో రెండు తడి గొర్రెపిల్లలు, చెవులు వేలాడేసుకుని. బండి వెనక గట్టిగా అరుస్తూ డోర గొర్రె నడిచొస్తోంది.

నారాయణయ్య ఒక పిల్లను తీసి మాలకొండయ్య ఒళ్లో పెట్టాడు.

"నేరేడు చెట్ల కిందనే ఉండాది బావా. కూర్చున్నకాడినుంచే పట్టేసినావే." బండి హ్యాండిల్ తుడుస్తూ, "ఆ దినం నేనన్న మాట మనసులో పెట్టుకోబాక," అన్నాడు.

"ఏ మాట? నాకు మతిమరుపు గదా," అన్నాడు మాలకొండయ్య.

ఫాల్గుణంలో మళ్లీ ఆత్మకూరు వెళ్లారు. డాక్టర్ సుజన వరండాలో మళ్లీ నడిపించింది. ఆరు నిమిషాలూ నడిచాడు. చివర్లో రొప్పు వచ్చింది కానీ గోడ పట్టుకోలేదు. దగ్గు చాలావరకు పోయింది. ఎండలో ఎక్కువసేపుంటే, రెండు రాత్రులు నిద్ర చెడితే ఇంకా కూలబడుతున్నానని దాచకుండా చెప్పాడు. ఆమె తలూపింది.

"బాగా కోలుకుంటున్నారు. ఇదే పద్ధతిలో ఉండండి. ఇంకో మూడు నాలుగు నెలల్లో మునుపటిలా ఒక్కరే మందను తోలుకుపోవచ్చు."

ఈ మాటకు సంతోషిస్తారనుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శీనమ్మ పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక మాట. నేను ఒంటరిగా పోగూడదని రాయడానికి కుదరతాదా?"

"ఎందుకు?"

"మా ఇంటిది ఇంక ఇంటికాడ కూర్చోనంటా ఉండాది. కూర్చోబాకని నేనూ అంటా ఉండాను. ఊళ్లో వాళ్లు ఊరుకోరు. నీకు నయమైంది గదా, ఆడమనిషికి కొండ మీద ఏం పని అంటారు. మీ చీటీ ఉంటే మాట్లాడరు."

సుకన్య తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. డాక్టరు నవ్వు ఆపుకోలేదు. చీటీ దగ్గరికి లాక్కుని, తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాసింది. సంతకం చేసి, ముద్ర కూడా వేసి ఇచ్చింది.

బయటికొచ్చి, మార్కెట్ పక్కన హోటల్లో కారందోసెలు తిన్నారు. మాలకొండయ్య రెండు తిన్నాడు. శీనమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కూతురి ముందు చీటీ పెట్టింది.

"ఏం రాసినారుమే? చదువు."

సుకన్య చదివింది. "రోజూ మెల్లగా నడవాలి. భార్య శీనమ్మ తోడుగా ఉండాలి. ఎన్నాళ్లన్నది శీనమ్మ నిర్ణయించాలి."

"నా పేరు రాసినారా? ఏడ?"

సుకన్య వేలు పెట్టి చూపించింది. శీనమ్మ ఆ మూడక్షరాలనూ కాసేపు చూసి, చీటీని నాలుగు మడతలు పెట్టి నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో దోపుకుంది. మాలకొండయ్య ఆమెవైపు వంగి అడిగాడు.

"ఎన్నాళ్లు మరి?"

"నీ వంట చూసి చెప్తాలే," అంది శీనమ్మ. బస్టాండు చేరేసరికి ఉదయగిరి బస్సు వచ్చి ఆగింది. ముందు ఆమె ఎక్కి, కిటికీ పక్కన సీటు పట్టుకుని, అతను మెల్లగా మెట్లెక్కి వచ్చేదాకా పక్క సీట్లో చెయ్యి పెట్టి ఉంచింది.